ముగియని కథ, ఎదురుచూచు పాఠకుడు: అద్భుత నవలల ధారావాహిక ప్రచురణమును గూర్చిన పరిశీలన

గ్రంథము పూర్తియైన పిదప పాఠకుని చేతికి వచ్చుట ఒక పద్ధతి. కర్త ఇంకను వ్రాయుచుండగనే ప్రకరణము వెంట ప్రకరణముగా పాఠకునకు చేరుట వేరొక పద్ధతి. మొదటి పద్ధతిలో పాఠకుడు ఇంటికి వచ్చిన ధాన్యమును చూచును. రెండవ పద్ధతిలో గట్టుమీద నిలిచి పైరు ఎదుగుటను చూచును. వానకు సంతోషించును, తెగులుకు చింతించును, కోతనాటివరకు అతనికి నిశ్చింత యుండదు. ఈ రెండవ పద్ధతి తెలుగు నవలకు క్రొత్త కాదు. వారపత్రికలు, మాసపత్రికలు అట్టి నవలలను వేలకొలది పాఠకులకు అందించినవి. అయినను అద్భుత నవల విషయమున ఈ పద్ధతి కలిగించు చిక్కులు వేరు. వానిని విడిగా పరిశీలింపవలసియున్నది.

సాంఘిక నవలలోని లోకము పాఠకునకు ముందే తెలిసినది. అందు బండి ఎంత వేగముతో పోవునో, బాకీ తీర్చనివానికి ఏమగునో రచయిత చెప్పనక్కరలేదు. అద్భుత నవలలో అట్లు కాదు. అందలి మాంత్రికుని శక్తికి హద్దెక్కడ, శాపమునకు గడువెంత, మృగము మాటలాడునా, చచ్చినవాడు తిరిగి లేచునా అనువానిని రచయితయే నిర్ణయింపవలెను. అట్లు నిర్ణయించిన ప్రతి మాటయు ఆ లోకమునకు శాసనమగును. నవల పూర్తికాకమునుపే ఒక భాగము అచ్చయినచో ఆ శాసనము వెనుకకు తీసికొనరానిదగును. పదవ భాగమున ఇబ్బంది కలిగినదని మూడవ భాగమును దిద్దుటకు వీలులేదు. కావున అసంపూర్ణమైన అద్భుత నవలను లోకమునకిచ్చుట సాహసము. ఆ సాహసమునకు ఫలమేమి, మూల్యమేమి అనునదే ఇచ్చటి విచారము.

ఈ విచారమునకు సోలాపురపు నేతవాడలు తగిన చోటు. తెలంగాణ జిల్లాలనుండి మగ్గమును నమ్ముకొని తరలివచ్చిన పద్మశాలి కుటుంబములు ఈ నగరపు తూర్పు భాగమున స్థిరపడినవి. సాఖర్ పేట, అశోక్ చౌక్, కన్నా చౌక్, దత్తనగర్ ప్రాంతములలో తెలుగు మాట వినవచ్చును. చేతిమగ్గము పోయి సాంచా వచ్చినది. జాకార్డు చద్దరు ఊరికి పేరు తెచ్చినది. 2005లో ఆ చద్దరునకు భౌగోళిక గుర్తింపు లభించినది. పురుషులు సాంచాలపై, స్త్రీలలో పలువురు బీడీల పనిలో జీవనము గడుపుచు వచ్చిరి. ఇంటిలో తెలుగు, వీధిలో మరాఠీ, నడుమ దక్కనీ హిందీ, ఇట్లు మూడు మాటల నడుమ పెరుగు బాలునకు తెలుగు చెవికి చుట్టమేగాని కంటికి అంతగా పరిచయము లేదు. అతడు తెలుగు వినును, మాటలాడును; చదువుటకు మాత్రము ఒక ప్రేరణ కావలెను. ఆ ప్రేరణ కథవలన రాగలదా యని అడుగునపుడు ధారావాహిక నవల ప్రశ్న కేవలము సాహిత్యప్రశ్నగా మిగులదు.

ఈ వాడలవారికి విడివిడిగా అందు కథ అపరిచితము కాదు. పద్మశాలీలకు ఆశ్రితులైన కూనపులివారు తెలంగాణపు పల్లెలలో పొడవైన చిత్రపటమును విప్పుచు మార్కండేయ పురాణమును, భావనాఋషి చరిత్రమును పాడి వినిపించెడివారు. పులినెక్కు భావనాఋషి, భద్రావతీదేవి, కాలవాసురునితో పోరు, ఇవన్నియు అద్భుతరసమునకు గనులు. పటము చుట్ట విప్పినకొలది కథ ముందునకు సాగును. వినువాడు రాబోవు బొమ్మకొరకు మెడ చాచి చూచును. కాని ఇచ్చట గమనింపదగిన విషయమొకటి కలదు. పటములోని చివరి బొమ్మ ముందే వ్రాయబడినది. కథకునకు తెలియును, పెద్దలకు తెలియును, పిల్లలకును రెండవ పర్యాయము వినునప్పటికి తెలియును. తెలిసిన ముగింపునకు ఏ దారిని చేరుదురన్నదే అచ్చటి ఆసక్తి.

కాశీమజిలీ కథలలో మధిర సుబ్బన్న దీక్షితులు వేరొక ఉపాయము చేసిరి. కాశికి పోవు దారిలో మజిలీ మజిలీకి గురువు శిష్యునకు ఒక కథ చెప్పును. దారి పొడవే గ్రంథము పొడవు. ఒక కథ ముగిసినను ప్రయాణము ముగియదు. ప్రయాణము ముగియువరకు కథకు కరువు లేదు. ఈ చట్రములో రచయితకు గొప్ప సౌలభ్యమున్నది. ఒక మజిలీలోని లోకము రెండవ మజిలీలోని లోకమును బంధింపదు. ఒకచోట చెప్పిన మాయకు మరియొకచోట జవాబు చెప్పనక్కరలేదు.

మూడవ విధము, అనగా ఒకే లోకము, ఒకే నాయకుడు, రచయితకును పూర్తిగా తెలియని ముగింపు, ఇది మాసపత్రికతో వచ్చినది. దానికి తెలుగున ప్రసిద్ధమైన ఉదాహరణము చందమామ. నాగిరెడ్డి, చక్రపాణి గార్లు 1947లో స్థాపించిన ఆ పత్రికలో దాసరి సుబ్రహ్మణ్యం గారు 1952లో చేరి, 2006 వరకు పనిచేసిరి, 2010లో కీర్తిశేషులైరి. 1954లో 'తోకచుక్క' ధారావాహిక మొదలైనది. పిమ్మట మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, రాతిరథం, యక్షపర్వతం, మాయాసరోవరం, భల్లూక మాంత్రికుడు మొదలగునవి 1970 దశకమువరకు వరుసగా వెలువడినవి. చిత్రా గారి రంగుల బొమ్మలు వానికి ప్రాణము పోసినవి. ఆ కథలపై కర్త పేరు అచ్చుకాలేదు. పాఠకుడు కర్తను నమ్మి చదువలేదు. కథను నమ్మి చదివెను. విమర్శకునకు ఇది ముఖ్యమైన సంగతి. పేరువలన కలుగు గౌరవము లేనిచోట ప్రతి నెలయు కథ తన గౌరవమును తానే సంపాదించుకొనవలసియుండెను.

ఆ కథల కూర్పును పరిశీలించినచో మాసపత్రిక రూపము కథను ఎట్లు మలచినదో స్పష్టపడును. ప్రతి భాగమునకు ముందు జరిగిన కథను నాలుగైదు వాక్యములలో చెప్పుదురు. చివర ఇంకను ఉన్నదని సూచింతురు. ముందుమాట క్రొత్తవానికి తలుపు తెరచును. చివరిమాట పాతవానిని గడపలో నిలుపును. ఈ సంగ్రహము వ్రాయుట సులభమైన పని కాదు. గడచిన భాగములలో ఏది అవసరము, ఏది అలంకారము అని రచయిత ప్రతి నెలయు తన రచనను తానే తూకము వేయవలెను. పూర్తి గ్రంథము వ్రాయువానికి ఇట్టి నిర్బంధ విమర్శ లేదు.

రెండవ విశేషము నాయకుల సంఖ్య. తోకచుక్కలో సమరసేనుడు ఒక్కడే ప్రధానుడు. చతుర్నేత్రుడు, ఏకాక్షి అను ఇరువురు మాంత్రికుల వైరము నడుమ అతడు చిక్కుకొనును. తరువాతి కథలలో జంటలు స్థిరపడినవి. శిథిలాలయమున శిఖిముఖి, విక్రమకేసరి. యక్షపర్వతమున ఖడ్గవర్మ, జీవదత్తుడు. మాయాసరోవరమున జయశీలుడు, సిద్ధసాధకుడు. ఈ మార్పునకు కారణము ధారావాహిక రూపమే యని ఊహింపవచ్చును. ఒంటరి నాయకుని ఆలోచనను రచయిత వర్ణింపవలెను. ఇద్దరున్నచో వారి సంభాషణమే ఆలోచనయగును. నెలదినములు గడచి కథ మరచిన పాఠకునకు వారి మాటలలోనే గుర్తుచేయవచ్చును. వారిని విడదీసినచో ఒకని అపాయము ఈ నెలకు, రెండవవాని అపాయము వచ్చు నెలకు సరిపోవును. పైగా ఒకడు కత్తిని నమ్ముకొనువాడు, రెండవవాడు సాధనను నమ్ముకొనువాడు అయినపుడు శౌర్యము గొప్పదా, మంత్రము గొప్పదా అను ప్రశ్న ఉపన్యాసము లేకయే నడచును. ఆ కథలలో నాయకుని తుదకు గట్టెక్కించునది పెక్కుమారులు ధైర్యము, సమయస్ఫూర్తి, స్నేహము. మంత్రము దారి చూపును, దారి మూయును, నడచువాడు మనుష్యుడే. ఈ నియమము తప్పక పాటించుటచేతనే ఏండ్ల తరబడి సాగిన అద్భుతము పాఠకునకు విసుగు పుట్టింపలేదు.

ఇక ఇతర దేశముల అనుభవమును పోల్చి చూతము. ఇంగ్లండున చార్లెస్ డికెన్స్ 1836–37లో పిక్విక్ పేపర్స్ అను నవలను నెలకొక భాగముగా వెలువరించెను. మొదట కొద్ది వందల ప్రతులు మాత్రమే పోయినవి. సామ్ వెల్లర్ అను సేవకుని పాత్ర ప్రవేశించిన పిదప జనాదరణ పెరిగి, చివరకు సుమారు 40,000 ప్రతులవరకు అమ్ముడుపోయినవి. పాఠకుని ఆదరణను గ్రహించి డికెన్స్ ఆ పాత్రకు చోటు పెంచెను. కథను నడుమ పంచుకొనుటలోని లాభమిది. ఏ పాత్ర ప్రాణముతో ఉన్నదో రచయితకన్న ముందు పాఠకునకే తెలియు సందర్భములు కలవు.

అద్భుత నవలలో దీనికి భిన్నమైన మార్గము టోల్కీనుది. ఆయన 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' నవలను 1937 డిసెంబరులో ఆరంభించి, పండ్రెండేండ్లకు గాని ముగింపలేదు. వ్రాసిన ప్రకరణములను ఆక్స్‌ఫర్డులోని మిత్రగోష్ఠిలో చదివి వినిపించెడివాడు. 1944లో యుద్ధసేవలో దక్షిణాఫ్రికాయందున్న కుమారుడు క్రిస్టొఫరునకు ప్రకరణములను పంపెను. అనగా ఆయనయు అసంపూర్ణ నవలను పాఠకులతో పంచుకొనెను. కాని ఆ పాఠకులు పట్టుమని పదిమంది. అచ్చు కాలేదు గనుక దిద్దుటకు వీలుండెను. తొలి ప్రతులలో ట్రాటర్ అను పేరుగల పొట్టి హాబిట్టు, తుది ప్రతిలో రాజవంశీయుడైన ఆరగార్నుగా మారెను. నెలనెల అచ్చువేసిన రచయితకు ఇట్టి మార్పు సాధ్యము కాదు.

అంతకంటెను విచిత్రమైన ఉదాహరణము ఆయన పూర్వగ్రంథము 'హాబిట్' నందున్నది. 1937లో అచ్చయిన ఆ గ్రంథములో ఉంగరము లభించిన ఘట్టము తరువాతి నవలకు పొసగలేదు. ఆయన 1951 ముద్రణలో ఆ ఘట్టమును మార్చి వ్రాసెను. మరి మొదటి ముద్రణ చదివినవారి మాట ఏమి? ఆ తొలి పాఠము బిల్బో చెప్పిన అబద్ధమని పెద్ద నవలలో సమన్వయించెను. ప్రకటించిన మాటను చెరిపివేయలేనపుడు దానినే కథలో భాగముగా చేయుట అను నేర్పు ఇందు కలదు. ధారావాహిక రచయితలు దీనిని పాఠముగా గ్రహింపవలెను. ఆ నవల తొలి సంపుటము 1954లో వెలువడినది. తోకచుక్క మొదలైనదియు ఆ యేడే. ఒకడు పండ్రెండేండ్లు ఒక్క లోకమును దిద్దుచు కూర్చుండెను. మరియొకరు దిద్దుటకు తీరిక లేక నెల తప్పక లోకముల వెంట లోకములను సృజించిరి. ఇరువురిని ఒకే కొలతతో కొలుచుట న్యాయము కాదు. గ్రంథమును సమగ్రతనుబట్టి, ధారావాహికను నిలకడనుబట్టి ముందుగా విచారింపవలెను.

అట్లని దోషములను కప్పిపుచ్చరాదు. చందమామ అద్భుత కథలను ఇప్పుడు పుస్తకరూపమున ఏకబిగిని చదువువానికి, నెలకొక భాగముగా చదివినవానికి తోచని లోపములు తోచును. అపాయము, తప్పించుకొనుట, మరల అపాయము అను చక్రము పునరావృత్తమగును. ఒక ప్రకరణమున ఆర్భాటముతో ప్రవేశించిన మాంత్రికుడు ఇంకొకని రాకతో వెలవెలబోవును. స్త్రీపాత్రలు తక్కువ, ఉన్నవారిలో పలువురు అపహరింపబడుటకు, రక్షింపబడుటకు ఉద్దేశింపబడినవారు. అడవిజాతులవారు కొన్నిచోట్ల భయమునకో హాస్యమునకో సాధనములైరి. మొదటి రెండు దోషములు రూపమువలన వచ్చినవి. తక్కినవి కాలమువలన వచ్చినవి. రూపదోషమును నేర్పుచే తగ్గింపవచ్చును. కాలదోషమును పోగొట్టుటకు క్రొత్త రచయితలే రావలెను.

నేతపనివారికి ఈ విషయమును వారి పనిలోనుండియే చెప్పవచ్చును. పడుగు ముందే పూర్తిగా పరచుకొని యుండవలెను. పేకను పోగు వెంట పోగుగా నేయవచ్చును. పడుగు సగము, పేక సగము అని నేత మొదలుపెట్టువాడు లేడు. అద్భుత నవలకు ఆ లోకపు నియమములే పడుగు, సంఘటనలు పేక. సంఘటనలను నెలనెల కల్పించుకొనవచ్చును, పాఠకుని ఉత్సాహమునుబట్టి రంగు మార్చవచ్చును. నియమములను మాత్రము మొదటి ప్రకరణమునకు ముందే స్థిరపరచుకొనవలెను. జాకార్డు అట్టలలో ఒక చిల్లు తప్పినచో ఆ తప్పు ఆ అట్ట తిరిగిన ప్రతి చద్దరులోను కనబడును. మొదటి భాగమున అజాగ్రత్తగా చెప్పిన ఒక మాయ కూడ అట్లే చివరి భాగమువరకు వెంటాడును. నేసిన నాలుగు పోగులను విప్పవచ్చునుగాని, చుట్టలో చేరిన బట్టను విప్పుట నష్టము.

పాఠకుని వాటా ఎంతవరకు అనునది తరువాతి ప్రశ్న. పాఠకుడు ఏమి కోరుచున్నాడో వినుట రచయితకు మేలు. కోరినదెల్ల ఇచ్చుట కీడు. పాఠకుడు నాయకుని గెలుపును నేడే కోరును. నేడే గెలిచినచో రేపు చదువుటకు ఏమియు ఉండదు. అతని కోరికను గౌరవించుట యనగా దానిని తీర్చుట కాదు, నిలుపుట. కాని అడుగుచున్న ప్రశ్నను మాత్రము తప్పక లెక్కింపవలెను. ఆ మాంత్రికుడు మొన్న గోడ దాటి పోయెను గదా, నేడు చెరసాలలో ఎందుకున్నాడని పదేండ్ల పిల్ల అడిగినచో, రచయిత జవాబు చెప్పి తీరవలెను. అసంపూర్ణ కథను పంచుకొనుటలోని అసలు లాభము పొగడ్త కాదు, ఈ ప్రశ్న.

సోలాపురమునకు ఇందలి ప్రాముఖ్యమేమి? చందమామ 1952నుండి చాందోబా అను పేర మరాఠీలోను వెలువడినది. తెలుగున పుట్టిన కథలు మరాఠీ వేషములో ఈ నగరపు పిల్లలకును అందుబాటులోనికి వచ్చినవి. మరాఠీ బడిలో చదివిన తెలుగు బాలునకు ఆ కథకొరకు తెలుగు లిపి నేర్వవలసిన అవసరము లేకపోయినది. ఇందు నిందింపదగినది ఏమియు లేదు. కథకు సరిహద్దులు లేవు, మరాఠీ ఈ నేలయొక్క భాష. అయినను ఒక సత్యము మిగిలియున్నది. ఏ భాషలో రేపటి కథకొరకు ఎదురుచూచునో ఆ భాషలోనే బాలుని ఊహ ఇల్లు కట్టుకొనును. దేవకీనందన్ ఖత్రీ వ్రాసిన చంద్రకాంత నవలను చదువుటకై పలువురు హిందీ నేర్చిరని ఉత్తరదేశమున వాడుక కలదు. వ్యాకరణము చేయలేని పనిని మాయాజాలము చేసినదన్నమాట.

చందమామ ముద్రణ నిలిచిపోయి నేటికి దశాబ్దము దాటినది. సోలాపురపు తెలుగు బడులలో పిల్లల సంఖ్యను గూర్చిన చింత పెద్దలందరికి తెలిసినదే. ఇట్టి తరుణమున పాఠ్యపుస్తకము ఒక్కటియే భాషను నిలుపజాలదు. పాఠము పరీక్షతో ముగియును. ధారావాహిక ముగియక పిలుచును. ఈ వాడల తెలుగులో, ఇచ్చటి సాంచా చప్పుడు, సిద్ధేశ్వరుని చెరువు, పాతకోట, నారళీ పున్నమనాటి మార్కండేయ రథోత్సవము కలిసిన ఒక అద్భుత నవలను నెలకొక ప్రకరణముగా బడి గోడపత్రికలో వెలువరించుట అసాధ్యము కాదు. భావనాఋషి పులి ఏ సందులోనుండి వచ్చునో తెలిసికొనుటకు అక్షరములను కూడబలుకుకొను పిల్లవాడు, అక్షరమునకు చిక్కినవాడే. చదువలేని తల్లులకును ఇందు వాటా యుండవలెను. కేరళపు బీడీ కార్మికులు పనిచేయుచు ఒకనిచే పత్రిక చదివించుకొనిన సంప్రదాయము ప్రసిద్ధము. బీడీ చుట్టువారి చేతులకు తీరిక లేదుగాని చెవులకు కలదు. పిల్ల చదువగా తల్లి వినుట, విని తన పుట్టింటి మాటలలో దిద్దుట, ఇది విమర్శయొక్క తొలిమెట్టు. పుస్తకపు తెలుగును, వాడ తెలుగును ఆ వేళ ఒకదానికొకటి తోడగును.

ఒక హెచ్చరిక మాత్రము తప్పదు. మొదలుపెట్టి విడిచిన కథ మొదలుపెట్టని కథకంటె ఎక్కువ కీడు చేయును. పెద్దల పత్రికలలో ఆగిపోయిన నవలలు అరుదు కావు, పెద్దలు మరచిపోదురు. పిల్లలు మరువరు. ఎదురుచూపును ఆశపెట్టి వమ్ముచేసిన భాషను వారు మరల నమ్మరు. నూలు తీసికొన్నవాడు బట్ట అప్పగింపవలెను. తొలి ప్రకరణము ప్రకటించినవాడు తుది ప్రకరణమును బాకీపడినవాడు. కావున పాఠకునకు తొలి ప్రకరణమిచ్చుటకు ముందు రచయిత తనలో మూడు విషయములు తేల్చుకొనవలెను: ఆ లోకపు నియమములేవి, కథ చేరవలసిన రేవు ఏది, చేర్చుటకు తనకు ఓపిక కలదా. ఈ మూడును ఉన్నచో దారి తెలియకున్నను భయము లేదు. దారిలోని పాఠకులే దారి చూపుదురు.

దాసరి సుబ్రహ్మణ్యం గారి ధారావాహికలకు మిగిలిన కీర్తి అట్టి నిలకడకు ఫలము. లోపములున్నను ఆ కథలు నెలనెల వచ్చినవి, ముగిసినవి, మరల క్రొత్తగా మొదలైనవి. కర్త పేరెరుగని పాఠకుడు సహితము వచ్చు నెల కథ వచ్చునని నమ్మెను. సోలాపురపు తెలుగు పిల్లలకు నేడు లేనిది ఆ నమ్మకమే. దానిని కలిగించుటకు గొప్ప రచయితలకొరకు కాచుకొననక్కరలేదు. మాట తప్పని రచయితలు, ప్రశ్న మానని పాఠకులు ఉన్నచో చాలును.